అమ్మ చెప్పిన పిల్ల

మైపాడులో దూది పని చేసేది మా ఇల్లొక్కటే. ఎందుకు ఒక్కటేనో తెలియాలంటే మా వీధిలో అరగంట నిలబడితే చాలు. సముద్రపు గాలి ఊళ్లో దూది ఏకడమంటే కొరివితో తల గోక్కోవడమే. మా నాయన మదార్‌కు ఆ మాత్రం తెలియక కాదు. తాత కట్టించిన ఇల్లు ఇక్కడుంది, పరుపుల పని తప్ప ఇంకోటి రాదు, అంతే. అందుకని మా ఇంట్లో ఒకటే చట్టం. దూది మిషను తిరుగుతున్నంతసేపూ వీధి తలుపు మూసి ఉండాలి. లోపలికి వచ్చినవాళ్లు గడియ వేయాలి, బయటికి పోయేవాళ్లు గొళ్లెం పెట్టాలి. మా పిల్లి కూడా తలుపు దగ్గర ఆగి ఎవరైనా తీసేదాకా చూస్తుంది. నాకే అది ఒంటబట్టలేదు.

ఏడో తరగతిలో ఉండగా ఒకసారి ఇసకలో పడవను ట్రాక్టరుతో లాగుతున్న చప్పుడు వినపడితే చూద్దామని బయటికి పోయాను. తలుపు బార్లా తెరిచి పోయాను. నేను తిరిగొచ్చేసరికి ఏకిన దూదంతా గాలికి లేచి, వీధి దాటి, జాలర్ల పాళెంలో పట్టల మీద ఎండబెట్టిన చేపల మీద దిగింది. చేపలన్నిటికీ గడ్డాలు మొలిచాయి. పాళెం ఆడవాళ్లు ఆ చేపలు తట్టల్లో పెట్టుకుని మా ఇంటిమీదికి వచ్చారు. వాళ్లు తిట్టినంతసేపు తిట్టి వెళ్లాక, అమ్మ దూది కొట్టే సన్న కర్ర తీసుకుంది. ఎందుకు తలుపు వేయలేదే అని అడుగుతూ కొట్టింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. వేయకూడదనుకుని వేయకపోవడం కాదు. తలుపు సంగతే నా తలలో లేదు.

నా పేరు సానియా. ఇప్పుడు పదో తరగతి. నన్ను చూసిన ప్రతి టీచరూ ఒకే మాట అన్నారు: తెలివుంది, ఒళ్లు వంచదు. ఈ మాట అనడానికి వాళ్లంతా ఎక్కడో కలిసి శిక్షణ తీసుకున్నారేమో అని నా అనుమానం. ఒళ్లు వంచడమంటే ఏమిటో ఎవరైనా చూపిస్తే వంచేదాన్ని. పాఠం మొదలవగానే నేను చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. మొదటి వాక్యం వింటాను. అందులో ఏదో ఒక మాట నన్ను చెయ్యి పట్టుకుని ఇంకో దారిలోకి తీసుకుపోతుంది. తిరిగొచ్చేసరికి బోర్డు నిండి ఉంటుంది, పక్కవాళ్లు పేజీ తిప్పేసి ఉంటారు. లెక్క సగం చేసి వదిలేస్తాను. చేసిన సగం తప్పుండదు, అదే అందరికీ మంట.

మగపిల్లలు ఇలా ఉంటే గోడలెక్కుతారు, కిటికీలు పగలగొడతారు, వాళ్ల సంగతి ఊరందరికీ తెలుస్తుంది. నేను ఏమీ పగలగొట్టను. నోరు మూసుకుని, టీచరు వైపే చూస్తూ, అక్కడ లేకుండా కూర్చుంటాను. అందుకే ఎవరికీ కనపడను.

చెంచులక్ష్మి ఒక్కతే కొన్నాళ్లు చూసింది. పాళెం పిల్ల, ఒకటో తరగతి నుంచి నా పక్కనే. వస్తానని చెప్పి నేను రాకపోతే కట్ట మీద కూర్చుని ఎదురుచూసేది. దాని నోట్సు తీసుకుని ఎక్కడో పెట్టేసేదాన్ని, దాని పుట్టినరోజు మర్చిపోయేదాన్ని, అది ఏదో బాధ చెప్పుకుంటుంటే మధ్యలో కాకి గురించి అడిగేదాన్ని. పోట్లాడి విడిపోయినా బాగుండేది, మళ్లీ కలవడానికి దారి ఉండేది. అది పోట్లాడలేదు. తొమ్మిదిలో ఒకరోజు పుస్తకాలు సర్దుకుని ముందు బెంచీకి మారింది. దాని తప్పేం లేదు. అయినా ఆ రోజు నుంచి నా పక్క ఖాళీగానే ఉంది, నాకు ఏడుపొస్తూనే ఉంది.

ఎండాకాలం సెలవుల్లో అమ్మ ఫోనులో ఒక వీడియో చూశాను. హైదరాబాదులో ఇంజినీరింగు చదివే అమ్మాయి, తనకు ఏడీహెచ్‌డీ ఉందని పద్దెనిమిదేళ్లకు తెలిసిందని చెబుతోంది. మెదడు ఒకచోట నిలవకపోవడం, వస్తువులు పారేసుకోవడం, మొదలుపెట్టింది ముగించలేకపోవడం, ఆడపిల్లలైతే చప్పుడు చేయకుండా కలలు కంటూ కూర్చోవడం. ఎవరో నా గురించి మాట్లాడుకుంటుంటే తలుపు చాటున విన్నట్టయింది. ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ అమ్మాయి చివర్లో ఒక మాట అంది. మీరు సోమరులు కాదు అని. ఆ ఒక్క మాట ఎవరైనా, చదువుకున్నవాళ్లెవరైనా, నా ముఖం మీద నాకు చెప్పాలని నాకు ఆశ పుట్టింది. ఇంకేం అక్కర్లేదనిపించింది. ఒకవేళ పరీక్ష చేసి, నీకేమీ లేదు, నువ్వు సోమరివే అంటే? అది కూడా తేలిపోవాలి కదా.

బళ్లు తెరిచాక లెక్కల టీచరు ఉషారాణి మేడంకు చెప్పాను. ఆమెకు ముక్కు మీద కోపం. మామూలుగా అయితే చెప్పేదాన్ని కాదు, కానీ నాకు ఇంకెవరూ లేరు. ఆమె కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూసి, నెల్లూరులో రోజారమణి అని పిల్లల మానసిక వైద్యురాలు ఉన్నారని, తన బంధువుల పిల్లవాణ్ని చూపించారని చెప్పింది. ఆమే మా ఇంటికి ఫోను చేసింది. నాయన స్పీకరు పెట్టి విని, మేడం చెప్పినాక చూపిద్దాంలే అన్నాడు. అమ్మకు పిచ్చి డాక్టరు దగ్గరికి ఆడపిల్లను తీసుకుపోవడం అసలు నచ్చలేదు. మేడం మాట తీసేయలేక, మొహర్రం పోనీ, రొట్టెల పండగ అయినాక చూద్దాం అంది.

మా అమ్మ హజరాబీకి రొట్టెల పండగంటే ప్రాణం. నెల్లూరులో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఎవరికి ఏ కోరిక ఉంటే ఆ రొట్టె. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, సంతానం రొట్టె. ఆ కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కావలసినవాళ్లు తీసుకుని అక్కడే తింటారు. తమ కోరిక తీరాక వాళ్లూ మరో ఏడు వచ్చి, ఇంకొకరికి రొట్టె ఇచ్చి మొక్కు చెల్లించాలి. హిందువులూ వస్తారు, మేమూ పోతాం. కిందటేడు అమ్మ నాకోసం చదువు రొట్టె తీసుకుంది. ఈసారి ఇవ్వడానికి బయలుదేరింది.

నా చదువు ఏం బాగుపడిందని ఇస్తున్నావని అడిగాను. తొమ్మిది పాసయినావు గదా అంది. తొమ్మిదిలో తప్పడమంటూ లేదమ్మా, బడికి పోయినవాళ్లందర్నీ పాస్ చేస్తారు అన్నాను. పాసంటే పాసే, ఇంకేం మాట్లాడబాక అని పిండి కలుపుకుంది.

చెరువులో ఇసక వేస్తే రాలనంత జనం. అమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తల మీద కొంగు సర్దుకుని, చదువు రొట్టె, చదువు రొట్టె అని పిలిచింది. చుట్టూ చేతులే. గూడూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, నా వయసు కూతుర్ని ముందుకు తోసుకుంటూ వచ్చి, మీ పాపేనా, బాగా చదువుతుందా అని అడిగింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, బ్రహ్మాండంగా చదువుతుందని చెప్పింది. ఆ పిల్ల రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమలుతూ నా వంకే చూసింది. ఎట్లా చదివావో చెప్పమన్నట్టు చూసింది. అంతమంది మధ్యలో, అంత మంచి చూపు ముందు, నాకు నీళ్లలో మునిగిపోవాలనిపించింది.

పండగ అయిన నెలకు నెల్లూరు పోయాం. నాయనకు పరుపుల బేరం ఉందని అమ్మా నేనే వెళ్లాం. రోజారమణి గారు నాతో చాలాసేపు మాట్లాడింది. నేను మధ్యలో ఆమె బల్ల మీది పేపర్‌వెయిటు గురించి అడిగితే విసుక్కోలేదు, దాన్ని నా చేతికిచ్చి మాట్లాడమంది. అంకెలు వెనక నుంచి చెప్పించింది, బొమ్మల్లో తేడాలు పట్టించింది. తను ముందే పంపిన ప్రశ్నలకు బడి నుంచి ఉషారాణి మేడం రాసిన జవాబులు చదివింది. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగింది. ఇది ఉంటే చిన్నతనం నుంచీ ఉంటుందనీ, పెంచినవాళ్లు చెబితేగానీ తేల్చలేమనీ, అందుకే అమ్మ మాట అన్నిటికంటే ముఖ్యమనీ విడమరిచి చెప్పింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఇప్పుడు దూది సంగతి వస్తుంది, పాల సంగతి వస్తుంది, పోగొట్టిన చెప్పుల జతలన్నీ వరసగా వస్తాయి అనుకున్నాను.

"చిన్నప్పట్నించీ బంగారంలాంటి బిడ్డమ్మా," అంది అమ్మ. "దీంతో మాకే ఇబ్బందీ లేదు."

వస్తువులు పారేసుకుంటుందా అని అడిగింది డాక్టరు. మా ఇంట్లో ఏదీ పోదని చెప్పింది అమ్మ. చెప్పిన పని మధ్యలో వదిలేస్తుందా అంటే, చెప్పింది చెప్పినట్టు చేస్తుందంది. పిలిస్తే పలకదా అంటే, ఒక్క పిలుపుకే వస్తుందంది. ఒళ్లో చేతులు పెట్టుకుని, నేల వైపు చూస్తూ, ఒక్కో జవాబూ ముందే అనుకున్నట్టు చెప్పింది. ఆ గదిలో ముగ్గురం కాదు, నలుగురం ఉన్నామనిపించింది. డాక్టరు, అమ్మ, నేను, అమ్మ చెప్పిన పిల్ల. ఆ పిల్ల నాకంటే చాలా బాగుంది. అమ్మకు అట్లాంటి పిల్ల ఉంటే ఎంత సుఖపడేదో అని కూడా అనిపించింది.

కాకి పిల్ల కాకికి ముద్దు అని సరిపెట్టుకోవచ్చు. కానీ నా సంగతి అమ్మకు తెలియకపోతే కదా. అబద్ధం అని అరవాలనిపించింది. బయటివాళ్ల ముందు అమ్మను అబద్ధాలకోరును చేయడం నావల్ల కాలేదు. డాక్టరు నా వైపు చూసి నువ్వేమంటావని అడిగితే చేతిలో పేపర్‌వెయిటు తిప్పుతూ కూర్చున్నాను. బడివాళ్లు ఒకటి చెబుతున్నారు, ఇంట్లో ఒకటి చెబుతున్నారు, ఇలా అయితే నేను ఏమీ తేల్చలేనమ్మా అని, ఇంట్లో మాట్లాడుకుని మళ్లీ రమ్మంది.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది అమ్మ. ఊరు దాటాం. తర్వాత, ఎందుకమ్మా అట్లా చెప్పావని అడిగాను. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దోళ్లు ఊరికే చెప్పలేదు అంది. నేను అటు తిరిగాను. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని తన వైపు లాగింది.

"రొట్టె ఇచ్చేసినా గదా సానీ. కోరిక తీరిందని చెరువులో నిలబడి, అంతమంది ముందర చెప్పి ఇచ్చినా. ఇప్పుడు తీరలేదని నా నోటితో ఎట్టా చెప్పేది? నా చేతి రొట్టె తిన్న బిడ్డలేం కావాల?"

నేను గూడూరు పిల్లను తలుచుకున్నాను. ఆ పిల్ల చదువు నా మీద ఆధారపడి ఉందని అమ్మ నిజంగా నమ్ముతోంది. ఊళ్లో వాళ్ల పిల్లలందరి మీదా జాలి ఉంది, ఇంట్లో ఉన్నదాని మీద లేదా అని ఒళ్లు మండింది. కానీ మొక్కుతో ఎవరు వాదిస్తారు?

సరే, అమ్మ కాకపోతే ఇంకొకరు. నా చిన్నతనం చూసినవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరైనా ఉండకపోతారా అనుకుని వెతకడం మొదలుపెట్టాను. ముందు నాయనను అడిగాను. నాయన ఎప్పుడూ మిషను దగ్గరే. ఆ మోతలో నేను పెరిగిన సంగతి ఆయనకు వినపడలేదు. మీ అమ్మ ఏం చెప్తే అదేలేమ్మా అని దూది మోపు విప్పుకున్నాడు.

ఎలిమెంటరీ బడికి పోయాను. కామాక్షయ్య సారు ఇంకా అక్కడే ఉన్నారు. మూడేళ్లు ఆయన చేతి కింద చదివాను. గేటు దగ్గర నిలబడి పేరు చెప్పాను, తండ్రి పేరు చెప్పాను. "పరుపుల మదార్ కూతురివా?" అన్నారు. "నువ్వు మా బళ్లోనే చదివినావా?" ఏ బెంచీలో కూర్చునేదాన్నో చెప్పాను. ఆయన మంచివారు, గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించారు. చివరికి, ఫస్టు వచ్చినోళ్లు గుర్తుంటారమ్మా, తన్నులు తిన్నోళ్లు గుర్తుంటారు, మధ్యలో వాళ్లే గుర్తుండరు అని నొచ్చుకున్నారు. పిల్లలకు ఇచ్చే చిక్కీ ఒకటి చేతిలో పెట్టారు.

ఆ చిక్కీ తింటూ ఇసకలోకి పోయి కూర్చున్నాను. వేట లేని రోజు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మనిషికి తన చిన్నతనం ఉందని చెప్పడానికి సాక్షి కావాలంటే ఎక్కడినుంచి తేవాలి? నేను పడిన పాట్లన్నీ నా తలలోనే ఉన్నాయి, నా తలను నేనే నమ్మలేను. చెంచులక్ష్మి వాళ్లమ్మతో వలలు సర్దుతూ కనిపించింది. దానికి అన్నీ గుర్తుండి ఉంటాయి. కానీ నాకు చెయ్యి ఊపడానికి కూడా ధైర్యం చాలలేదు. ఆ సాయంత్రం అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్షలో మూడో లెక్క దగ్గర బయట ఎవరో మోటారు వేశారు, నీళ్లు ట్యాంకు నిండి పొర్లాయి, కట్టేసేవాళ్లు లేరు. ఎవరైనా కడతారేమో అని చూస్తూ ఉన్నాను. బెల్లు కొట్టారు. ఉషారాణి మేడం పేపరు ఇస్తూ తిట్టలేదు. తిట్టకపోయేసరికే భయం వేసింది. పబ్లిక్ పరీక్షలో ఇట్లాగే రాస్తే తప్పుతావనీ, మీ అమ్మతో మళ్లీ మాట్లాడమనీ, తను ఫోను చేస్తే మా పిల్లకేం లేదని అమ్మ పెట్టేసిందనీ చెప్పింది. తప్పితే ఇంట్లో చదువు మాన్పించి దబ్బనం చేతికిస్తారు. దబ్బనంతో పరుపు కుట్టడం తప్పు పనేం కాదు, కానీ అది కూడా నేను సగంలోనే వదిలేస్తాను.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ పరుపు కుడుతోంది. నేను ఎదురుగా కూర్చుని గుడ్డ బిగించి పట్టుకున్నాను. అది నేను బాగానే చేస్తాను, అమ్మ ఎదురుగా ఉంటుంది కనుక. పేపరు సంగతి చెప్పాను. అమ్మ, ఇంకొంచెం గట్టిగా చదువుకో, అదే వస్తుందిలే అంది. అప్పుడు, నెల రోజులుగా నోట్లో నానుతున్న మాట బయటికి వచ్చింది.

"నాకేదో ఉండాదంటే, తప్పు దానిదమ్మా. నాకేం లేదని నువ్వంటే, ఇంక మిగిలేది నేనే. నేనే చెడ్డదాన్ని. అంతేనా?"

అమ్మ దబ్బనం గుచ్చింది, దారం లాగింది, ముడి వేసింది. ఆ వరస మొత్తం అయ్యేదాకా తలెత్తలేదు. నేనూ గుడ్డ వదల్లేదు.

మరుసటి వారం ఒక పొద్దున నాయన మిషను వేయకముందే అమ్మ చీర మార్చుకుని, బడికి పోవద్దు, నెల్లూరు పోదాం అంది. ఎందుకని అడిగే ధైర్యం చేయలేదు. నెల్లూరులో బస్సు దిగాక ఆటో ఎక్కి దర్గాకు పోనిమ్మంది. పండగ లేనప్పుడు ఆ చెరువును నేను ఎప్పుడూ చూడలేదు. గట్టు మీద మేం తప్ప ఎవరూ లేరు. అమ్మ చెప్పులు విడిచి, మెట్లు దిగి, పాదాలు మునిగేదాకా నీళ్లలోకి పోయి, తల మీద కొంగు కప్పుకుని నిలబడింది. చాలాసేపు పెదవులు కదిలాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పుకుందో, నా బిడ్డ కోసం ఇచ్చిన రొట్టె తప్పయితే ఆ తప్పు తిన్నవాళ్లకు తగలనీయొద్దని వేడుకుందో, నాకు చెప్పలేదు. పైకి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ మీద అన్నాళ్ల కోపం అక్కడే పోయింది. అమ్మకు ఇది ఎంత కష్టమో అప్పటిదాకా నేను అనుకోలేదు.

రోజారమణి గారి గదిలో కూర్చోగానే అమ్మ ఒక్కటే అడిగింది.

"పాపను బయటికి పంపించమ్మా. బిడ్డ ముందర బిడ్డ తప్పులు చెప్పకూడదు."

అట్లా నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నెలల తరబడి ఏ మాటల కోసం తిరిగానో, ఆ మాటలు తలుపుకు అవతల నడుస్తున్నాయి. అమ్మ గొంతు తెలుస్తోంది, మాటలు తెలియడం లేదు. పైన ఫ్యాను గరగరమంటోంది. ఎప్పుడూ అక్కర్లేని చప్పుళ్లన్నీ వినే నా చెవులు ఆ ఒక్కసారి పనికి రాలేదు. అమ్మ ఆగదు, డాక్టరు ఏదో అడుగుతుంది, అమ్మ మళ్లీ మొదలుపెడుతుంది. మధ్యలో ఒకసారి ముక్కు చీదడం వినిపించింది. నా తర్వాత వచ్చినవాళ్లు ఇద్దరు విసుక్కుని టీ తాగడానికి పోయారు. అమ్మకు నా గురించి చెప్పడానికి అంత ఉందా అని ఆశ్చర్యపోతూ కూర్చున్నాను.

లోపలికి పిలిచాక డాక్టరు నన్ను తన పక్క కుర్చీలో కూర్చోమంది. నీకున్నది ఏడీహెచ్‌డీయేనమ్మా అంది. ఇది సోమరితనం కాదని, బుద్ధిలేకపోవడం కాదని, మరుపు, పని మధ్యలో వదిలేయడం కూడా ఇందులో భాగమేనని చెప్పింది. మందు కావాలా, ఎలా చదవాలి, బళ్లో ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నీ మెల్లగా చూద్దామని, బడికి తనే రాసి పంపుతానని అంది. మీ అమ్మగారు నీ మూడో ఏడు నుంచీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పారు అని నవ్వింది. నువ్వు బళ్లో వదిలేసిన డబ్బాలు, చెప్పులు సాయంత్రం ఎవరికీ తెలియకుండా పోయి తెచ్చేవారట కదా, నువ్వు బయటికి పోయినప్పుడల్లా వెనకే వచ్చి తలుపు చూసేవారట కదా అంది.

నాకు తెలియదు. పోయిన చెప్పులు వాటంతట అవే గుమ్మం దగ్గరికి వచ్చేవని కాదు గానీ, ఎలా వచ్చేవో నేనెన్నడూ ఆలోచించలేదు. ఇన్నాళ్లూ నన్ను ఎవరూ చూడలేదని ఏడ్చాను. మా అమ్మ అంతా చూసింది. ఒకే ఇంట్లో, ఒకే పరుపు గుడ్డకు అటూ ఇటూ కూర్చుని, ఒకరికొకరం చెప్పుకోలేదు. నేను కోరుకున్న మాట చివరికి చదువుకున్న మనిషి నా ముఖం మీదే చెప్పింది. సంతోషం వచ్చిందనే చెప్పాలి. కానీ అది వచ్చి కూర్చునేలోపే అమ్మ మాట్లాడింది.

"అయితే నేను కొట్టిందంతా ఊరికేనా అమ్మా?"

డాక్టరు మీకు తెలియదు కదండీ, ఎవరికీ తెలియదు అని చెప్పింది. అమ్మ తల ఊపింది. డాక్టరు రాసిచ్చిన చీటీ మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

మైపాడు బస్సులో ఈసారి కిటికీ పక్క అమ్మ కూర్చుంది. పొలాలు దాటాం, రొయ్యల గుంటలు దాటాం. ఉప్పు గాలి తగలడం మొదలయ్యాక, బయటికే చూస్తూ అడిగింది.

"కర్రతో కొట్టేదాన్ని గదా సానీ. అయ్యన్నీ గుర్తుండాయా నీకు?"

చెప్పులు ఎక్కడ విడిచానో నాకు గుర్తుండదు. నిన్న చెప్పిన పాఠం గుర్తుండదు. దెబ్బలు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. ఏ రోజు, ఏ మూల, అమ్మ ఏ చీరలో ఉంది, కర్ర విరిగితే ఏ ముక్కతో కొట్టింది, ఆపాక ఎంతసేపు నా వైపు చూడలేదు, అన్నీ ఉన్నాయి. నా తలలో చెదరకుండా ఉన్నవి అవే.

"లేదమ్మా," అన్నాను. "ఒక్కటి కూడా గుర్తులేదు."

అమ్మ నా వైపు తిరిగి, నమ్మవచ్చా అన్నట్టు కాసేపు చూసింది. తర్వాత ముఖం తేటపడింది.

"అవున్లే. నీకేదీ గుర్తుండదని డాక్టరమ్మ కూడా చెప్పింది గదా," అంది.

అవునమ్మా అన్నాను. పొద్దున్నించీ తిండి లేక అలసిపోయిందేమో, నిశ్చింతగా నా భుజం మీద తల వాల్చి, మైపాడు వచ్చేదాకా నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను.